నేను ఎంచుకున్న ఆట

ఆలేరు దగ్గర మా ఊళ్లో బాలవాడి పెట్టిన కొత్తలో, పిల్లలు ఎవరికి ఇష్టమైన ఆట వాళ్లే ఎంచుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బ్లాకు అధికారి వచ్చే ముందురోజు పంతులమ్మ మా ఇష్టాలన్నీ తానే పంచిపెట్టింది. కొయ్య రైలుబండి పటేలు మనవడికి, మట్టిముద్ద నాకు.

"రేపు గదే తీస్కోవాలె. రైలు ముట్టినవంటే చేతులిరుగుతయి" అన్నది.

మర్నాడు మట్టే తీసుకున్నాను. దానితో రైలింజను చేశాను, పొగగొట్టం, నాలుగు చక్రాలతో సహా. అధికారి వంగి చూశాడు.

"ఎవరి పాప?"

"గొర్లు కాసేటోళ్ల బిడ్డ సార్."

"చూశారా, ఎవరూ చెప్పకుండానే గొర్రెపిల్లను చేసింది!" అని మురిసిపోయాడు.

పంతులమ్మ తలూపింది. చదువుకున్న ఆ ఇద్దరి కళ్లకూ నా నాలుగు చక్రాలు గొర్రెకాళ్లే.