కడిగేసిన కిత్తనార ఆకు

సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న కంప్యూటర్లు రెండువేలు రాగానే ఆగిపోతాయని అందరూ భయపడుతున్న రోజులవి. మెల్‌బోర్న్ క్లేటన్‌లో నేనూ, హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడా కలిసి అద్దెకుండేవాళ్లం. నాకన్నా ఏడేళ్లు పెద్ద. వాళ్లింట్లో అక్కను పిలిచినట్టు ఆపా అని పిలిచేదాన్ని. పాత ప్రోగ్రాముల్లో ఆ రెండంకెలను వెతికి సరిచేయడం ఆమె ఉద్యోగం. నేను యూనివర్సిటీలో సూక్ష్మజీవుల శాస్త్రం చదివేదాన్ని. ఆ సెమిస్టర్ ప్రాజెక్టు దెబ్బతింటే అందరిలా కంప్యూటర్ కోర్సుకు మారిపోతానని నాన్నకు మాటిచ్చి ఉన్నాను. మారడం నాకిష్టం లేదు.

ప్రాజెక్టు కిత్తనార మీద. మన దగ్గర రైలుకట్టల పక్కన, చేలకు కంచెగా పెరిగే ముళ్ల మొక్క. మెక్సికోలో ఆ జాతి మొక్కల దుంపను కాల్చి, రసం పిండి, పులియబెట్టి సారా కాస్తారు. బాగా ఉడికితే దుంప తీపెక్కుతుంది. ఆ తీపిని తిని మద్యంగా మార్చేది ఈస్టు అనే సూక్ష్మజీవి. కొన్నిచోట్ల దాన్ని విడిగా కలపరు. మొక్క మీదా, గాలిలోనూ, తొట్టె చెక్కల్లోనూ ఉన్న ఈస్టే ఆ పని చేసిపెడుతుంది. మన తాటికల్లు కుండలో తనంతట తాను పొంగినట్టే.

యూనివర్సిటీ తోటలో పెకలించిన కిత్తనారను, ప్రాజెక్టు చూసే మా మేడం నాకిచ్చింది. దుంపను ల్యాబులో ఉడికించి, రసం తీసి, రెండు సీసాల్లో పోశాను. ఒకదాంట్లో రొట్టెలకు వాడే ఈస్టు వేశాను. రెండోదాంట్లో, మొక్క మీదుండే ఈస్టు కోసం, పచ్చి ఆకు ముక్కలు వేశాను. మొదటిది మర్నాటికే నురగ కక్కింది. రెండోది నాలుగు రోజులైనా కదల్లేదు. వచ్చే శుక్రవారానికీ ఇంతే అయితే రాయడానికి ఫలితమేమీ ఉండదని మేడం మెల్లగా అంది. తలూపి వచ్చేశాను. ఎందుకిలా అయిందని అడగనైనా లేదు.

ఇంటికి వచ్చేసరికి ఆపా రొట్టెలు చేస్తోంది.

"మొఖం అట్ల పెట్టినవేంది? సారా కాగలేదా?"

"పులవనే లేదు ఆపా. ఫెయిలైపోతాను."

"నీ సారా నాకొద్దు గని, తప్పు ఏడుందో చూద్దాం ఆగు. మా ఆఫీసుల ప్రోగ్రాం ఆగితే, ఆగిన లైను కాడ కూసోని ఏడ్వం. మొదటి లైనుకాడికి పోయి చదువుకుంట వస్తం. నీ ల్యాబ్ బుక్ తియ్యి."

తీసి చదివాను. ఆకులను శుభ్రం చేసి ముక్కలు కోసినట్టు ఒకే ఒక్క వాక్యం ఉంది.

"శుభ్రం అంటే? ఏం చేసినవో రాయలేదేంది?"

"డైరీలో రాశాను."

"తే మరి!"

నా డైరీ అప్పటిదాకా ఎవరూ చూడలేదు. "నేనే చదువుతాను. మీరు చూడకూడదు."

"చూడనమ్మా తల్లీ. ఈడ రొట్టె మాడుతుంది నాకు." అటు తిరిగి నిలబడింది.

గొంతు తగ్గించి చదివాను. 'ఆకులు ఇంటికి తెచ్చాను. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో రుద్ది కడిగాను. మరిగే నీళ్లలో ముంచి తీశాను. పొడిగుడ్డతో తుడిచి పెరట్లో ఎండకు పెట్టాను. ఎక్కడా తడి లేదు. అమ్మ చూస్తే మెచ్చుకునేది.'

అప్పడాల కర్ర ఆగిపోయింది.

"ఓసినీ! ఆవకాయ పెట్టినవా ఏంది? ఈస్టు కోసమని పోయి, ఆ ఈస్టునే చంపి సీసాల ఏసినవ్ గద!"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నేను కొంచెం ఏడ్చాను కూడా. మా ఇంట్లో పచ్చళ్ల పని అంటే బూజు రాకుండా చూడటమే. కంటికి కనపడనిదల్లా మాకు శత్రువే. నా చేతులు అదే నేర్చుకున్నాయి, నన్నడక్కుండానే చేసేశాయి.

"రేపు మీ మేడంకు నేనొచ్చి చెప్పాల్నా?" అంది ఆపా.

"వద్దు. నేనే చెప్తాను."

చెప్పాను. మేడం చాలాసేపు నవ్వి, తోటలో మిగిలిన ఆకుల కుప్ప దగ్గరికి స్వయంగా తీసుకెళ్లింది. దుమ్ముతో సహా కోసి, మిగిలిన రసం పోసిన కొత్త సీసాలో వేశాను. మూడో రోజుకు ముక్కల అంచుల వెంట సన్నని బుడగలు లేచాయి. శుక్రవారానికి మూత తీస్తే, మిగలపండిన అరటిపండూ తాటికల్లూ కలిసిన వాసన. కడిగిన ఆకుల సీసాను పారేయొద్దని, అది కూడా ఫలితమేనని మేడం చెప్పింది. నివేదికలో మూడు సీసాల గురించీ రాశాను, ఉప్పూ పసుపుతో సహా.

శనివారం ఆపా ల్యాబుకు వచ్చింది. ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకుని మైక్రోస్కోపులోకి వంగింది. గుండ్రటి ఈస్టు కణాలు, కొన్నింటికి పక్కన చిన్న మొలకలా పుడుతున్న కొత్త కణం.

"గింతేనా? గింత దానికోసమా నువ్వు గంత ఏడ్చింది!" అంది. అంటూనే మళ్లీ వంగి చాలాసేపు చూసింది.

ఆదివారం నాన్నకు ఫోన్ చేసి, కోర్సు మారనని చెప్పాను. ఆయనకు అంత పెద్ద గొంతుతో ఏదైనా చెప్పడం నాకదే మొదటిసారి.

చాలా రోజుల తర్వాత డైరీలో ఆ పేజీ తెరిస్తే, అంచున తెల్లగా రొట్టెపిండి వేలిముద్ర ఒకటి కనిపించింది. చూడనన్న మనిషి ఎప్పుడో చూసేసిందన్నమాట. కోపం రాలేదు. దాన్ని తుడవకుండా పేజీ మూశాను.