ఓబులమ్మక్క చెప్పిన మెట్ల సినిమా

ఓబులమ్మక్క ఇక లేదన్న కబురు నాకు కువైట్‌లో, అల్ రాయ్‌లోని మా గోదాములో, కార్ల విడిభాగాల పెట్టెలు సరిచూస్తున్నప్పుడు వచ్చింది. ఫోన్ చేసింది నారాయణమ్మ, శుక్రవారాలు మేమంతా కలిసే గది ఆమెదే. "అన్నా, అక్క పాయె" అంది. ఏ అక్క అని అడిగాను. కువైట్‌లో మనవాళ్ళ ఆడవాళ్ళందరూ మనకు అక్కలే కదా. "ఇంగ యే అక్కన్నా? మన సినిమా అక్క" అంది. రుమైథియాలో అక్క పనిచేసే ఇంట్లో, పొద్దున టీ పెడుతూ పొయ్యి ముందే కూలిపోయిందట. ఆ ఇంటివాళ్ళు కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం పోయింది. ఆ మాట విన్నాక కూడా నేను చేతిలో ఉన్న పెట్టె మీది నంబరు చదివి, దాన్ని పక్కన పెట్టి, ఇంకో పెట్టె అందుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ చూసుకుంటే ఆ వరస మొత్తం తప్పుగా పేర్చి ఉంది.

మన తెలుగువాళ్ళ సంచికలో ఆమె గురించి రాసే పని నాకు అప్పగించారు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కలూ, ఈ కాస్త రాతా నాకు నేనుగా నేర్చుకున్నవే. కళ్ళతో చూడని అంకెను మస్తాన్ కాగితం మీద పెట్టడని గోదాములో నాకు పేరు. ఆ పేరు చూసే అప్పగించారు. మొదటిసారి రాసినప్పుడు ఆ పేరు నిలబెట్టుకోలేకపోయాను. అందుకే ఈ రెండోసారి రాయడం కొంత సిగ్గుతోనే సాగుతోంది.

ఓబులమ్మక్కది రాయచోటి దగ్గర పల్లె. భర్త చిన్న వయసులోనే పోతే, కూతురు సుజాతను చెల్లెలి దగ్గర వదిలి కువైట్ వచ్చింది. వచ్చిన ఇంట్లోనే చివరిదాకా వంట చేసింది. ఇఖామా, అదే ఇక్కడ ఉండే అనుమతి, ఎన్నిసార్లు కొత్తది చేయించుకున్నా, దానికి పూచీ పడే కఫీల్ మారలేదు. ఆ ఇంటి పెద్దావిడకు పాత ఇంగ్లీషు సినిమాలంటే ఇష్టం. భర్త కొన్న టేపులను మనవడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఆమె సోఫా మీద, మన అక్క కింద తివాచీ మీద కొత్తిమీర తుంచుకుంటూ, ఇద్దరూ కలిసి చూసేవాళ్ళు. వాటిలో ఒకటి, సినిమాకు మాటలు వచ్చిన కొత్తలో హాలీవుడ్‌లో చౌకగా తీసిన ప్రేమ కథ, నవ్వుల సినిమా. దాని అసలు పేరు అక్కకు తెలియదు. టేపు మీద చీటీ ఎప్పుడో ఊడిపోయిందట. మాకు మాత్రం అది మెట్ల సినిమా.

ఆ పేరు అక్క పెట్టిందే. నిర్మాతకు మేడలు కట్టించే స్తోమత లేక, ఒకే మెట్ల వరసను పెద్దింటి మెట్లుగా, ఆఫీసు మెట్లుగా, హోటలు మెట్లుగా మార్చి మార్చి చూపించాడని ఆమె కనిపెట్టింది. "గోడకు పటం మారుస్తారంతే మస్తానూ. మెట్టు మింద పగులు మటుకు యాడికి పోయినా వాళ్ళతోనే వస్తాది" అనేది. అట్లాగని ఆ సినిమాను ఎగతాళి చేసేది కాదు. "లేనోళ్ళు తీసుకున్న సినిమా. ఉన్న మెట్లే ఎక్కినారు, దిగినారు. మనం మాత్రం పండక్కి అదే చీర తిప్పి తిప్పి కట్టుకోలా?" అనేది.

కథ చిన్నది. ఒక పెద్దింట్లో వంటచేసే అమ్మాయి యజమానురాలి గౌను వేసుకుని ఒక సాయంత్రం బయటికి పోతుంది. మెట్ల మీద ఒక అబ్బాయి కనిపిస్తాడు. ఆ భవనం మాదేనంటాడు. నిజానికి అతను అందులో లిఫ్టు నడిపేవాడు. ఆమె తానొక శ్రీమంతుడి కూతురినని చెబుతుంది. ఇద్దరూ ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుంటూ, అవి బయటపడకుండా దాక్కుంటూ తిరగడమే సినిమా. ఇంగ్లీషు మాటలను పెద్దావిడ అరబ్బీలో చెబితే, అక్క తన వంటింటి అరబ్బీతో పట్టుకుని, శుక్రవారం షర్క్‌లో నారాయణమ్మ గదికి తెచ్చి మా సీమ తెలుగులో పోసేది. సెలవు దొరికిన ఆడవాళ్ళు మంచాల మీదా చాపల మీదా, మాలాంటి మగవాళ్ళం గుమ్మం దగ్గరా కూర్చునేవాళ్ళం.

ఆ రోజుల్లో మాటలు పట్టే మైకును పూలకుండీలో దాచేవాళ్ళని నేను ఎక్కడో చదివాను. అక్క చదవలేదు, చూసింది. "ఆ పిల్ల వానితో మాట్లాడదు మే, పూలకుండీతో మాట్లాడతాది. వాడూ అంతే. ఇద్దరికీ ఒగర్నొగరు సూసుకునేదానికి సిగ్గు గదా, మధ్యలో కుండీ ఉంటే బాగుంటాదిలే" అనేది. మైకు సంగతి నేను చెప్పాను. ఆమె నా వంక జాలిగా చూసి, "నువ్వు చెప్పేది నిజమే నాయనా. నేను చెప్పేదే బాగుండాది" అంది. గదిలో అందరూ ఆమె పక్షమే. నాక్కూడా ఆమె చెప్పిందే బాగుంది.

ఆమె కథ చెబుతుంటే చూడవలసిన ఘట్టం విందు. ఆ అబ్బాయి అద్దె కోటు వేసుకుని, తెలియక ఆమె పనిచేసే ఇంటికే విందుకు వస్తాడు. ఆమె సూపు గిన్నె ముఖానికి అడ్డం పెట్టుకుని వడ్డిస్తుంటుంది. అక్క నారాయణమ్మ పప్పుగిన్నె అందుకుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, ముఖం దాచుకుంటూ మా అందరికీ నిజంగానే వడ్డించుకుంటూ వచ్చేది. ఒకరి కంచంలో రెండు గరిటెలు, ఒకరి కంచంలో చుక్క కూడా లేకుండా. చివరికి అబ్బాయి గిన్నె పక్కకు లాగే చోట, అక్క కొంగు తీసి, గరిటె నడుముకు ఆనించి, "అవును, వంటమనిషినే. నువ్వు తింటాండేది నేను చేసిందే. బాగుందా లేదా, ముందు అది చెప్పు" అనేది. ఈ మాట సినిమాలో ఉందో లేదో నాకు తెలియదు. అడిగితే, "మా మామాకి నచ్చింది" అని మాత్రం అంది. మామా అంటే ఆ పెద్దావిడ.

ఒక శుక్రవారం ఈ మాట దగ్గర అందరం నవ్వుతుంటే, కొత్తగా వచ్చిన ఒకమ్మాయి లేచి బయటికి పోయింది. ఇంటి దగ్గర ఆమె ఆఫీసులో పనిచేస్తోందని చెప్పి ఉన్నారు. అక్క గరిటె దించి ఆమె వెనకే పోయింది. తిరిగి వచ్చాక ఆ రోజుకు సినిమా ఖలాస్ అంది. నారాయణమ్మ ఊరుకోకుండా, "సినిమా పిల్ల చెప్పేసిందిగదక్కా, మనం యాల చెప్పలేకపోతాం?" అని అడిగింది. అక్క చాలాసేపు చేతులు కడుక్కుంది. "సినిమా పిల్లకు ఆట ఐపోతే చాలు మే. ఇంటికి పోయే పన్లేదు" అంది.

అక్క ఇంటి దగ్గర కూడా ఓబులమ్మ కువైట్‌లో ఆసుపత్రి ఉద్యోగి అనే అనుకునేవాళ్ళు. మనలో ఈ సిగ్గు లేనివాళ్ళు తక్కువ. కార్లు కడిగేవాడు ఊళ్ళో షోరూములో ఉన్నానంటాడు. ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళ గురించి ఊళ్ళో నోళ్ళు ఎట్లా ఆడతాయో అందరికీ తెలుసు కాబట్టి, వాళ్ళు ఆసుపత్రి అనీ బడి అనీ చెబుతారు. ఆ నోళ్ళు మనవే. ఇక్కడ వాళ్ళు వండింది తిని, అక్కడ సెలవుల్లో అరుగు మీద కూర్చుని విని ఊరుకునేది కూడా మనమే.

సంచిక సంగతి తెలిసి సుజాత రాయచోటి నుంచి ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. "మస్తాన్ మామా, అమ్మ ఆసుపత్రిలో పనిచేసేదని రాయండి. మా అత్తగారోళ్ళు కూడా చదువుతారు" అంది. సరే తల్లీ అన్నాను. కూర్చుని రాశాను. 'ఒక సుప్రసిద్ధ వైద్యాలయమున బాధ్యతాయుతమైన పదవిలో అవిశ్రాంత సేవలందించిన' అని రాశాను. నా చేయి ఎక్కడా ఆగలేదు. పెట్టె తెరవకుండా అందులో ఎన్ని ఉన్నాయో రాయనివాణ్ణి, లేని ఆసుపత్రిని కట్టి, అందులో ఆమెకు ఒక బల్ల, కుర్చీ కూడా వేశాను. రాశాక, బాగా కుదిరిందని సంతోషించాను కూడా.

శుక్రవారం దాన్ని నారాయణమ్మ గదిలో చదివాను. ఎవరూ ఏడవలేదు. చదవడం అయ్యాక నారాయణమ్మ, "బాగుందన్నా. ఎవురీ యమ్మ?" అంది. వెక్కిరింపేమో అనుకుని ఆమె ముఖం చూశాను. కాదు. వెనక నుంచి ఇంకొకావిడ, "ఆసుపత్రిలో ఎవురో పెద్దామె సచ్చిపోయినట్టుండాది. మన అక్క గురించి ఎప్పుడు చదువుతావు?" అంది.

తలెత్తలేకపోయాను. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. దారిలో ఆలోచిస్తే లెక్క తేలింది. ఆసుపత్రి ఉండాలంటే వంటిల్లు ఉండకూడదు. వంటిల్లు లేకపోతే తివాచీ లేదు, కొత్తిమీర లేదు, పెద్దావిడ లేదు, మెట్ల సినిమా లేదు. ఒక్క మాట మార్చానని అనుకున్నాను, మనిషి మొత్తం కొట్టుకుపోయింది. అట్లాగని, కూతురికి అక్క చెప్పుకోనిది రాసే హక్కు నాకు ఎక్కడిది? ఆ పిల్ల అత్తవారింట్లో తలెత్తుకుని తిరగాలి. అక్క ఇన్నేళ్ళు దాచింది అందుకే కదా.

మరునాడు సుజాతకు ఫోన్ చేసి, ఆసుపత్రి రాయడం నా వల్ల కాదని, కావాలంటే సంచికలో ఏమీ రాయకుండా వదిలేస్తానని చెప్పాను. "నాకు తెలుసు మామా" అంది ఆమె.

"ఏం తెలుసు తల్లీ?"

"నేను పదో తరగతిలో ఉన్నప్పట్నుంచీ తెలుసు. ఫోన్లో డ్యూటీలో ఉండాను అనేది. యెనక కుక్కరు కూత పెట్టేది. ఒగ రోజు నవ్వొచ్చి అడగబోయినా. మళ్ళీ, నాకు తెలిసిందని తెలిస్తే మాయమ్మ మొగం యాడ పెట్టుకుంటాదో అని ఊరకుండిపోయినా. అప్పట్నుంచి నేనే అడిగేదాన్ని, ఈ పొద్దు ఆసుపత్రిలో జనం ఎక్కువుండారా మా, అని."

తల్లి సిగ్గుపడకూడదని కూతురు, కూతురు సిగ్గుపడకూడదని తల్లి, మధ్యలో ఆ ఆసుపత్రిని అంతకాలం నడిపించారు.

"ఇప్పుడు ఆసుపత్రి ఎవురి కోసం మామా? ఆమె లేదు గదా" అంది సుజాత. "వంటచేసేదని రాయండి. మా అత్తగారికి నేనే చదివి వినిపిస్తా. ఏమన్నా అంటే నేను పడతా."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. "కువైట్ నుంచి ఫోన్ చేసే ఆడోళ్ళంతా సినిమా అక్క, సినిమా అక్క అంటాండారు. ఏం సినిమా అది? నాకెప్పుడూ చెప్పలేదు" అంది.

చెప్పలేదు మరి. చెబితే, ఆసుపత్రిలో అంత తీరికగా సినిమా ఎట్లా చూశావమ్మా అని అడిగేది కదా. మేమంతా ఎన్నో శుక్రవారాలు నవ్విన కథ, ఆమె ఎవరికోసం ఆ పొయ్యి దగ్గర నిలబడిందో ఆ ఒక్క మనిషికే అందలేదు.

కాబట్టి నేను చెప్పాను. ఒకే మెట్ల వరస అని చెప్పాను. పూలకుండీ, అందులో మైకు అని చెప్పాను. లిఫ్టు నడిపే అబ్బాయి, అరువు గౌను, సూపు గిన్నె, దేనినీ వదలకుండా వరసగా చెప్పాను. గరిటె నడుముకు ఆనించి అక్క అనే ఆ వంటమనిషి మాట కూడా, ఒక్క అక్షరం పోకుండా చెప్పాను. సుజాత మర్యాదగా ఊఁ కొడుతూ విన్నది. అంతా అయ్యాక, "ఇందులో నవ్వేది యాడుండాది మామా?" అని అడిగింది.

ఉన్నవన్నీ సరిగ్గానే చెప్పాను. ఆ నవ్వు సినిమాలో లేదు, కథలో లేదు, నాకు తెలిసిన ఏ వివరంలోనూ లేదు. అది ఓబులమ్మక్కది. ఆమెతోనే పోయింది. రుమైథియాలో ఒక ఇంట వంటచేసిన ఓబులమ్మకు, ఆమె చేతి పప్పు తిన్నవాళ్ళందరి తరఫున, తల వంచి నమస్కరిస్తున్నాను.