బెజ్ వేరు, ఘోక్ వేరు

మా ఎదురింటి బా మీద నేను ఎనిమిదేళ్లుగా ఫిర్యాదులు చేస్తున్నాను. పేరు పెట్టి పిలవరు, పెద్దావిడ కాబట్టి అందరికీ బా. ఈ గుజరాతీ ఊళ్లో, ఆల్థాన్ అనే పేటలో, మా అపార్ట్‌మెంట్ సొసైటీ మూడో అంతస్తులో తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. సచిన్ పారిశ్రామికవాడలో డ్యూటీ దిగి నేను మెట్లెక్కానో లేదో, సంచిలో ఏముందని అడుగుతుంది. ఒకసారి మా బావమరిది ముందే, "ఈయన చొక్కా మార్చి మూడు రోజులైంది" అంది. రెండు రోజులే. అది నేను మరిచిపోలేదు.

పోయిన ఏడాది సొసైటీ సెక్రటరీకి హిందీలో కాగితం రాసిచ్చాను: బాతో నాకు పంచాయత్ ఉంది, తేల్చండి. మా కరీంనగర్ వైపు పంచాయితీ అంటే తగవు. గుజరాతీలో పంచాత్ అంటే పక్కవాళ్ల సంగతుల్లో తలదూర్చడం. సెక్రటరీ తనకు తెలిసిన అర్థమే తీసుకుని మీటింగులో బా ఎదుటే చదివాడు: బా పంచాత్ చేస్తోందట, ఈ భాయ్ తట్టుకోలేకపోతున్నాడట. అందరూ నవ్వారు, బా తప్ప. వారం తిరగకుండా మా తలుపుల మధ్య కెమెరా పెట్టించి, "ఇక బా చూడక్కర్లేదు, నేనే ఫోన్‌లో చూసుకుంటా" అన్నాడు. ఆ రోజు నుంచి బా తలుపు మూసుకుంది.

గెలిచాననుకున్నాను. పది రోజులయ్యేసరికి, సంచిలో ఏముందో ఎవరికీ అక్కర్లేని ఇంటికి రావడం చప్పగా అనిపించింది. నా కూతురికి చిన్నప్పుడు గుజరాతీ నేర్పింది బానే. ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి, మూసిన తలుపు చూసి, నాతో మాటలు తగ్గించింది.

దానికి భాషల పిచ్చి. టీవీలో అంతరిక్ష యోధుల కోసం ఎవరో పనిగట్టుకుని తయారుచేసిన క్లింగాన్ అనే భాషను ఫోన్‌లో నేర్చుకుంటోంది. తెలుగు రాయమంటే మాత్రం తీరిక ఉండదు. ఒక సాయంత్రం అన్నం తింటూ ఆ భాషతోనే నన్ను పట్టుకుంది.

"బాపూ, వాళ్ల భాషల చూసుడు అంటే బెజ్. పొంచి చూసుడు ఘోక్. రెండూ ఒకటి గాదు."

"అయితే ఏంది?"

"బా నీ ముంగట గూసొని చూసింది. అది బెజ్. నువ్వు గామెను లేపి ఘోక్విని తెచ్చుకున్నవ్."

"ఘోక్వి అంటే కెమెరానా, సెక్రటరీనా?"

"రెండూ. ఆ పని చేసేదానికి చివర్ల 'వి' పెడ్తరు, మనిషికైనా మెషీన్‌కైనా. ఇద్దర్నీ ఒక్కసారే తిట్టుకో, నీకు ఆసాన్ అయితది."

ఆ యోధులు ఏదైనా మొహం మీదే తేల్చుకుంటారట. పలకరింపు కూడా "ఏం కావాలి?" అనేనట. మరి వాళ్ల ఓడలు ఎవరికీ కనబడకుండా మాయమై తిరుగుతాయి కదా, అది పౌరుషమేనా అని అడిగాను.

"లడాయిల అది చల్తా హై బాపూ," అని కంచం పట్టుకుని లేచింది. "నీకు బాతోని లొల్లి ఉంటే బాకే చెప్పు. నడుమ కాయితం ఎందుకు?"

మరునాడు బా తలుపు కొట్టాను. సగమే తెరిచింది. మా వైపు పంచాయితీ అంటే ఏమిటో వివరించాను. సాంతం విని, తలుపు పూర్తిగా తీసి, నా వైపు ఒక కుర్చీ తోసింది.

"తగవే అయితే కూర్చో భాయ్. నీవి నువ్వు చెప్పు, నావి నేను చెప్తా."

నావి పదకొండు చెప్పాను. ఆవిడ ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. తను పంపిన మెంతికూర రొట్టెలు, థేప్లాలు, మేము కాకులకు వేశామట. దీపావళి రంగోళీ తొక్కి, కాలు తుడుచుకుని వెళ్లిపోయానట. ఒక్కటీ అబద్ధం కాదు. నాకంటే ఎక్కువ గుర్తుపెట్టుకునే మనిషిని అప్పటిదాకా చూడలేదు. కాస్త అసూయ కూడా కలిగింది.

గొంతులు లేచాయి. నా ఫోన్ మోగింది. సెక్రటరీ. కెమెరాలో చూస్తున్నాడట, ఏమైనా గొడవా అని. బా నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"చూడాలనుంటే పైకొచ్చి ఎదురుగా కూర్చుని చూడు!"

వచ్చాడు. ఆయన మీద నా దగ్గర ఏడు ఫిర్యాదులున్నాయి. నా కాగితం అందరి ముందూ చదివిన సంగతితో మొదలుపెట్టాను. బా మూడో కుర్చీ తెచ్చింది.