గంట కొట్టే యాదగిరి

నారాయణగూడలో ఇత్తడి దుకాణం ముందు బడిగంట ఒకటి వేలాడుతుంటే వేలితో తట్టాను. ఆ మోతకి ఈ వయసులోనూ నా చెవులు వేడెక్కాయి.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు సద్దుమణిగి చిక్కడపల్లి సర్కారు బడి తెరిచేసరికి మా లెక్కల సారు బదిలీ మీద వెళ్లిపోయారు. కొత్తవారిని వేయడానికి పైనుంచి డబ్బు రాలేదన్నారు. గంట కొట్టే యాదగిరే ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చి, చింతగింజలు పరిచి మాకు భాగహారం నేర్పాడు. నాకు లెక్క అర్థమైంది అప్పుడే. అయినా ఆఫీసరు కొడుకుని కదా, చప్రాసీ దగ్గర నేర్చుకోవడం నామోషీగా ఉండేది.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, "లెక్కలు ఎవరు చెబుతున్నారు?" అనగానే లేచి, "చప్రాసీ అండీ" అన్నాను. అలా చెబితే మర్నాడే అసలు సారుని పంపిస్తారనుకున్నాను.

ఎవరూ రాలేదు. యాదగిరిని మాత్రం తరగతిలోకి రానివ్వలేదు.

పరీక్షల ముందు, తెగని భాగహారం వేసిన పలక పట్టుకుని గంట దగ్గరికే వెళ్లాను.

"నాకేం తెల్సు బిడ్డా, నేను గంట కొట్టెటోణ్ణి" అన్నాడు.

తిరిగి వెళ్లబోతుంటే వెనకనుంచి మెల్లగా, "ఆ ఏడు కిందికి దించలే నువ్వు, జర చూస్కో" అన్నాడు.

తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.