ఆరుతడి మడిలో తగ్గని మీథేన్

నాకు ఓపిక తక్కువ. బస్సు ఆలస్యమైతే పక్క స్టాపు దాకా నడిచిపోయే రకాన్ని. అలాంటిదాన్ని, పరిశోధన పేరుతో వరి మడి పక్కన గంటలకొద్దీ కూర్చునే పనికి ఒప్పుకున్నాను.

నీళ్లు నిలిచిన పొలం నుంచి మీథేన్ గాలిలోకి లేస్తుంది. మడిని మధ్యమధ్యలో ఆరనిస్తే అది తగ్గాలి. ఆ తగ్గుదలను కొలిచి చూపించడమే నా పని. గరిడేపల్లిలో మా మేనమామ రెండు మళ్లు ఇచ్చాడు, ఒకటి ఎప్పుడూ నీళ్లతో ఉండేది, రెండోది ఆరుతడి. ప్రతి బుధవారం సూర్యాపేట నుంచి సూట్‌కేసంత మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లేదాన్ని. పైరు మీద పెట్టె బోర్లించి, అందులోని గాలిని మిషన్‌లోకి లాగి, దాని గుండా కంటికి కనిపించని లేజరు కాంతిని పంపాలి. మీథేన్ తనకు సరిపడే కాంతిని మాత్రమే మింగుతుంది. ఎంత కాంతి తగ్గిందో చూస్తే ఎంత మీథేన్ ఉందో తెలుస్తుంది.

నాలుగు బుధవారాలు గడిచాయి. ఆరుతడి మడి పైకి ఆరినట్టే ఉంది, మీథేన్ మాత్రం తగ్గలేదు. కాలుగాలిన పిల్లిలా గట్టు మీద తిరిగాను. మిషన్ అద్దాలు తుడిచాను. మిర్యాలగూడ వెళ్లి కొత్త గొట్టాలు తెచ్చాను. మా కిరాయి ఇంటి మేడ మీద మామూలు గాలి పెడితే సరిగ్గానే చూపించింది, అయినా నమ్మలేదు. చివరికి నా పరిశోధన చూసే సార్‌కు ఫోన్ చేసి, మిషన్ పాడైంది, గురువారం హైదరాబాద్ పంపేస్తానని చెప్పాను. అది పోతే ఈ పంట కోసేలోపు తిరిగి రాదు. నా ఏడాది పోయినట్టే.

పంపేముందు చివరిసారి కొలుద్దామని, బుధవారం దాకా ఆగలేక మంగళవారమే బస్సెక్కాను. వెళ్లేసరికి ఆరుతడి మడిలో మామ చీలమండల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పారతో గట్టు తెంపి నీళ్లను కింది మడిలోకి వదులుతున్నాడు.

"ఏంది మామా ఇది?"

ఆయన దాచలేదు. "కాల్వ నిండ పారుతుంటె నా మడి పగుళ్లిచ్చె. సూడలేకపోయిన బిడ్డా. నువ్వు పోంగనే పెడుతున్న, మంగళారం తీసేస్తున్న."

"పంట తగ్గదని చెప్పిన గద?"

"చెప్పినవ్. తగ్గితె? పోయేటోడు వచ్చేటోడు మోటరు కాలిందా అని అడగవట్టె. ఏం జెప్పాలె?"

నాకు ఒళ్లు మండింది. నెల రోజుల కొలతలు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. "సొంత పొలంల దొంగతనమేంది మామా," అని అరిచి, అక్కడే సార్‌కు ఫోన్ కలిపాను. మిషన్ బాగానే ఉందని, మడిలో నీళ్లున్నాయని చెప్పాను.

మామ అంతా విన్నాడు. "అంటె నీ మిషిన్ నన్ను ముందుగాల్నే పట్టిందా?"

"మొదటి వారమే పట్టింది."

"మరి నన్నొక్క మాట అడగకపోతివి. అడిగితె చెప్తుంటి గద."

అద్దాలను అనుమానించాను, గొట్టాలను అనుమానించాను. ప్రతి వారం ఆయన ఇచ్చిన చాయ్ తాగుతూ, ఆయన గట్టు మీదే కూర్చున్నాను.

"నిన్ను అడగాలని నాకు తట్టనే లేదు మామా," అన్నాను. ఆయన వంగి, తెంపిన గట్టును మట్టితో పూడ్చడం మొదలుపెట్టాడు.