ఎర్రమట్టి వేషం

మొన్న ఆదివారం మధ్యాహ్నం, ఇక్కడ ఇనపగనుల ఊరు బచేలిలో వాన పట్టుకుని మూడో రోజు. బట్టలు ఆరవు, కరెంటు ఉండీ ఉండనట్టుంటుంది, గుమ్మం దాటితే చెప్పు బురదలో ఉండిపోతుంది. అలాంటి పూట ఇల్లంతా ఒక్కచోట కూర్చునేలా చేయగల శక్తి ఈ రోజుల్లో టీవీకి తప్ప మరి దేనికీ లేదు కనుక మా మనవరాలు ఒక కొరియా సినిమా పెట్టి అందరినీ కూర్చోబెట్టింది. ఆ పిల్ల కొరియా నూడుల్సు తింటుంది, కొరియా పాటలు వింటుంది, నాకు తెలుగులో జవాబు చెప్పడానికి మాత్రం బద్ధకిస్తుంది. సినిమా హిందీలోకి మార్చినదే కాబట్టి మాటలు అందరికీ అర్థమయ్యాయి. అర్థం కానిదల్లా అది భయపడాల్సిన సినిమానా, నవ్వాల్సిన సినిమానా అన్నది ఒక్కటే.

కథ పెద్దదేమీ కాదు. ఎక్కడో కొండల మధ్య ఊరు, రోడ్డు కోసం సొరంగం తవ్వుతుంటే లోపలినుంచి ఒక రాకాసి జంతువు బయటికి వస్తుంది. సగం కప్పలా, సగం పందిలా ఉంటుంది, ఒక కాలు పొట్టి కావడంతో మెట్లమీద జారి పడుతుంది. పడినప్పుడు నవ్వు వస్తుంది, లేచి మనిషిని నోట కరుచుకున్నప్పుడు గుండె ఆగినంత పనవుతుంది. ఊరిపెద్ద మైకు పట్టుకుని అంతా సవ్యంగానే ఉంది, చెప్పులు విప్పి వరుసలో నిలబడండి అని చెబుతుంటాడు, అతని వెనక గోడమీద దాని నీడ పెరుగుతుంటుంది.

మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు, చావుబతుకులు రోజూ చూసే మనిషి. చావు చూపిస్తూ నవ్వించడం తనకు రోతగా ఉందని మొహం తిప్పుకుంది. మనవరాలేమో, నవ్వించి నవ్వించి ఒక్కసారి భయపెట్టడంలోనే గొప్పంతా ఉందట, ఇది తెలియనివాళ్ళు సినిమాలు చూడటం దండగట. మా అల్లుడిది కొంటా వైపు పల్లె, గని వర్క్‌షాపులో మెకానిక్కు. ఇద్దరి మధ్యా నలిగి చివరికి నావైపు తిరిగాడు. "ఏందత్తమ్మా ఇది, భయపడాల్నా నవ్వాల్నా?"

నేను జవాబు చెప్పే లోపల ఆ సీను వచ్చింది. ఊరగాయలు అమ్ముకునే ముసలామె ఆ జంతువును అందరికంటే ముందు చూసి, ఒళ్ళంతా బురదతో సంతలోకి పరుగెత్తుకొచ్చి చెబుతుంది. సంతంతా పడిపడి నవ్వుతుంది. మా గదిలో కూడా అందరూ నవ్వారు, రోత అన్న మా అమ్మాయితో సహా. నేను టీ పెడతానని లేచి వంటగదిలోకి వెళ్ళాను. పొయ్యి వెలిగించకుండా కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఎదురుగా కొండ, దాని ఒంటినుంచి కారుతున్న ఎర్రనీళ్ళు కనిపిస్తున్నాయి.

నా ఈడువాళ్ళలో ఇనపఖనిజం మోసే కిరండూల్ రైలు లైను పక్కన పెరిగినవాళ్ళకు గ్యాంగు క్వార్టర్లంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతాను. రైలుపట్టాలు కాసే కూలీలకు లైను పక్కనే వరుసగా కట్టిన చిన్న ఇళ్ళవి. మావి పన్నెండు ఇళ్ళు, అందరూ విజయనగరం, శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాళ్ళే. సగంమంది వినాయకుడికి దండం పెడితే సగంమంది ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవారు. చవితి పందిరికి వెదుళ్ళు మోసేదీ, క్రిస్మసుకు కాగితం నక్షత్రం కట్టేదీ మాత్రం అందరూ కలిసే. చుట్టూ అడవి, సంతకు పోతే హల్బీ, గోండీ, స్టేషనులో హిందీ, ఇంటికొస్తే మా శ్రీకాకుళం యాస. ఇన్ని భాషల మధ్య పెరిగినందుకో ఏమో, మా పిల్లలం ఏ భాషలోనైనా ముందు వెక్కిరింతలే నేర్చుకున్నాం.

మా నాన్న గ్యాంగులో మేటు, అంటే కూలీలకు పెద్ద. పక్కింటి బాబాయి కీమ్యాను, అంటే తెల్లవారగానే భుజాన సుత్తి, సంచిలో ఎర్రజెండాలు, పటాకాలు పెట్టుకుని పట్టాల వెంట నడుస్తూ, వాటిని పట్టి ఉంచే కీలు వదులైతే బిగించి వచ్చే మనిషి. పటాకాలంటే పండగ టపాకాయలు కావు, రేకుబిళ్ళలు. పట్టామీద బిగిస్తే ఇంజను చక్రం కింద పేలతాయి, ఆ చప్పుడు వింటే డ్రైవరు బండి ఆపాలి. బాబాయి మాకు చుట్టం కాదు, కులమూ ఒకటి కాదు, ఆయనది ప్రార్థనకు వెళ్ళే కుటుంబం. అయినా మా ఇంట్లో కూర బాగుంటే ఆయన కంచం ఇక్కడే ఉండేది.

ఆ బాబాయి ఏటా చవితి పందిట్లో రాకాసి వేషం కట్టేవాడు. కొండనుంచి కొట్టుకొచ్చే ఎర్రటి ఇనపమట్టిని మెత్తగా జల్లించి, కొబ్బరినూనెలో కలిపి, నెత్తినుంచి అరికాలిదాకా పూసుకునేవాడు. ముల్లంగి ముక్కలు కోరలు. పందిట్లోనుంచి రాడు, పట్టాల వైపునుంచి పరుగెత్తుకుని వచ్చేవాడు, ఎగరొప్పుతూ, కళ్ళు తేలేసి, మాట పెగలనట్టు నోరు తెరిచి మూస్తూ. పిల్లలం కెవ్వుమని అమ్మల చీరల్లోకి దూరేవాళ్ళం. సరిగ్గా అప్పుడే ఆయన పేడలో కాలేసినట్టు జారి దభేలున పడేవాడు. ఇంకేముంది, పన్నెండిళ్ళూ నవ్వే. ఆ పడటం చూడటానికి పై స్టేషనునుంచి కూడా జనం వచ్చేవారు.

మా అమ్మ అప్పుడే అనేది, భయంతో వేళాకోళం తగదని. నాన్న కొట్టిపారేసేవాడు. ఏడాదంతా లోయల అంచున బతికే మనుషులకు ఒక్కరోజు భయాన్ని చూసి నవ్వితే ఒంటికి మంచిదని ఆయన మాట. పిన్నికి, అంటే బాబాయి భార్యకు, భర్త విగ్రహం ముందు గంతులేయడం ఇష్టం లేదు, చర్చిలో పాస్టరుకు జవాబు చెప్పుకోలేక చచ్చిపోతున్నానని తిట్టేది, తిడుతూనే నూనె గిన్నె అందించేది. ఒక్క వేషం మీద ఇన్ని అభిప్రాయాలు. మొన్న టీవీ ముందు మావాళ్ళు కొట్టుకున్నది చూస్తే, అవే మాటలు యాభయ్యేళ్ళు తిరిగి మళ్ళీ మా ఇంటికి వచ్చాయనిపించింది.

నాకు అప్పుడు తొమ్మిదో, పదో. చవితికి నాలుగు రోజులుంది. ఆదివారం, వారంగా వాన, ఆ పూట కాస్త తెరిపిచ్చింది. నాన్న, ఇంకో ముగ్గురు సెలవులో ఉన్నవాళ్ళు పందిరి కడుతున్నారు. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని వాళ్ళకు టీ తెచ్చింది. పిన్ని ప్రార్థనకు కిరండూల్ వెళ్ళింది. నేను పురికొస అందిస్తున్నాను. అప్పుడు పట్టాల వైపునుంచి బాబాయి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నెత్తినుంచి అరికాలిదాకా ఎర్రమట్టి. ఎగరొప్పుతున్నాడు, కళ్ళు తేలేశాడు, నోరు తెరిచి మూస్తున్నాడు, మాట రావడం లేదు. పందిరి దగ్గరికి వచ్చేసరికి బురదలో కాలు జారి దభేలున పడ్డాడు.

ముందు నవ్వింది నేను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా నవ్వు చూసి తక్కినవాళ్ళు నవ్వారో, వాళ్ళకూ అదే క్షణంలో వచ్చిందో తెలియదు గానీ, మొదట వినిపించిన గొంతు నాదే. నాన్న వెదురు వదలకుండానే అడిగాడు.

"ఏటి, యేసం ఇప్పుడే కట్టీసినావా? పందిరింకా అవనేదు."

బాబాయి మోకాళ్ళమీద లేచాడు. "కటింగు జారిపోతంది. నాతోటి ఒక మనిసి రండ్రా, రెండో పక్క కాయాల."

ఆ మాటకు ఇంకా నవ్వారు. మునుపెన్నడూ ఆయన ఆటలో ఆ మాట లేదు, కొత్తగా చేర్చాడనుకున్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. నేనైతే దగ్గరికి వెళ్ళి, మళ్ళీ పడు బాబాయీ, ఇంకొక్కసారి పడు అన్నాను. ఆయన నా రెండు భుజాలు పట్టుకున్నాడు, ఆ మట్టి నా గౌనుకు అంటుకుంది, నూనె వాసన లేదు, పచ్చిమట్టి వాసన వేసింది.

"నవ్వకే గుంటా. నిజిమే."

నేను నవ్వు ఆపలేదు. నిజం చెప్పాలంటే నాకు అప్పటికి భయం వేసింది, అయినా భయం వేసినకొద్దీ నవ్వు పెరిగింది. ఆయన అందరి మొహాలూ ఒకసారి చూసి, లేచి, వచ్చిన దారినే పరుగెత్తాడు. అలా పరుగెత్తడం కూడా బాగా చేశాడని ఎవరో అన్నారు.

కటింగంటే కొండను కోసి పట్టాలు వేసిన చోటు, రెండు పక్కలా గోడల్లా మట్టి నిలబడి ఉంటుంది. అది జారితే రూలు ఏమిటంటే, మనిషి ఒక పక్క వెళితే ఇంకొకడు రెండో పక్క వెళ్ళి, ఇద్దరూ జెండాలు పాతి పటాకాలు పెట్టాలి. ఏ వైపు బండి రాదని తెలిసినా సరే, రెండు వైపులా కాయాల్సిందే. బాబాయి ఆ రెండో మనిషి కోసం వచ్చాడు. మనిషి దొరకలేదు, పాసింజరు బండి వచ్చే వేళయింది, అది వచ్చే పక్కకు ముందు వెళ్ళాడు.

కాసేపటికి మూడు పటాకాలు పేలిన చప్పుడు వినిపించింది. నాన్న చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. మొహంలో నవ్వు పోవడానికి కూడా వ్యవధి చాలలేదు, నవ్వుమొహంతోనే పరుగు తీశాడు. పాసింజరు కటింగుకు అల్లంత దూరంలో క్షేమంగా ఆగింది. పెట్టెల్లో ఉన్నవాళ్ళు చవితి టపాకాయలనుకుని కిటికీల్లోనుంచి నవ్వుతున్నారట. బాబాయి మాత్రం ఆ పక్క లేడు. ఒక్కడే రెండో పక్క కూడా కాయాలని, సగం జారిన మట్టిమీదనుంచి అడ్డంగా దాటుతుంటే తక్కిన సగం వచ్చింది.

మర్నాటికి గానీ దొరకలేదు. జోలెలో మోసుకొచ్చి పందిరి కిందే పడుకోబెట్టారు, అంతమంది చేరడానికి వానకు మరో నీడ లేక. నెత్తినుంచి అరికాలిదాకా ఎర్రమట్టి. అందరూ చుట్టూ నిలబడి ఉండగా, ఏడాదిన్నర వయసున్న మా తమ్ముడు అమ్మ చంకలోనుంచి వంగి, ఆయన్ని చూసి కిలకిలా నవ్వి చప్పట్లు కొట్టాడు. మా అమ్మ వాడి నోరు చేత్తో మూసేసింది. ఆ తర్వాత మా క్వార్టర్లలో చాలా నెలలపాటు పెద్దగా ఎవరూ నవ్వినట్టు నాకు గుర్తు లేదు. చవితి పందిరి మాత్రం ఆ ఏడాదితోనే పోయింది.

ఆఫీసర్లు వచ్చి విచారించినప్పుడు, నాన్నతో సహా నలుగురూ ఒకే మాట చెప్పారు. ఆయన క్వార్టర్లవైపు రాలేదు, తిన్నగా లైనుమీదికే వెళ్ళాడు, ఒంటరిగా అంత సాహసం చేశాడు అని. ఎవరూ ముందు అనుకున్నట్టు లేదు, ఒకరు అన్నారు, తక్కినవారికి ఆ మాట ఆసరా అయింది. బాబాయి ఫోటోకు దండ వేసి, సభ పెట్టి, ఒక్కడే వెళ్ళిన ధైర్యాన్ని పొగిడారు. పొగిడినకొద్దీ నాన్న తల కిందికి దిగిపోవడం నేను చూశాను. మా ఇంట్లో ఆ సంగతి ఆయన పోయేదాకా ఎవరూ ఎత్తలేదు.

పిన్నికి విశాఖలో రైల్వే ఆఫీసులో నౌకరీ ఇచ్చారు. వెళ్ళేముందు నన్ను దగ్గరికి తీసుకుని, ఆ రోజు మీ బాబాయి నీకు కనబడ్డాడా అని అడిగింది. నేను లేదన్నాను. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకసారి, ఈసారి చెప్పేయాలనే గట్టిగా అనుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చింది, బిస్కట్లు పెట్టింది, గోడమీద ఫోటో వైపు చూసి విసుక్కుంది.

"ఒక్క మనిసిని పిలిస్తే ఏటయిపోను? ఎప్పుడూ అంతే, ఎవులి మాటా ఇనడు."

అన్నేళ్ళుగా ఆమె ఆయనమీద అదే కోపంతో ఉంది, రూలు తెలిసీ ఒంటరిగా వెళ్ళాడని, మొండివాడని, తమ గురించి ఆలోచించలేదని. ఆయన పిలిచాడు పిన్నీ, మేమే వెళ్ళలేదు, అన్న మాట నా నాలుక చివరదాకా వచ్చింది. మా నాన్న అప్పటికి బతికే ఉన్నాడు. టీ తాగి, కప్పు కడిగిపెట్టి వచ్చేశాను. పోయిన ఏడాది పిన్ని కూడా పోయింది, ఆ కోపంతోనే పోయింది. నేను చేసిన పనుల్లో దీనికి మించిన పాపం ఇంకొకటి ఉందనుకోను.

వంటగదిలోనుంచి టీ పట్టుకుని వచ్చేసరికి సినిమా అయిపోయింది. రోత, గొప్ప, రెండూ కాదు అన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. మనవరాలు ఫోనులో ఏదో రాస్తూ ఐదులో ఎన్ని స్టార్లు ఇస్తావమ్మమ్మా అని అడిగింది. నాకు స్టార్ల సంగతి తెలియదు గానీ, ఆ సంత సీను తీసినవాడెవడో నవ్వినవాళ్ళ మధ్య ఒకసారైనా నిలబడి ఉంటాడు అన్నాను. నేను బాగుందన్నట్టో బాగాలేదన్నట్టో ఆ పిల్లకు తేలక, చివరికి మూడు వేసుకుంది.

ఇప్పుడు కటింగుల గోడలకు ఇనపవలలు కప్పారు, మట్టి జారితే ఫోనుకు ముందు కబురు వస్తుందట, రెండో మనిషి కోసం ఎవరూ పరుగెత్తుకు రానక్కర్లేదు. మా పన్నెండిళ్ళూ కూల్చేశారు, పందిరి కట్టిన చోట తుప్పలు పెరిగాయి. ఇవన్నీ మంచి మార్పులే, కాదనను. మేటు కూతురుగా పుట్టినదాన్ని, ఒక్క ప్రాణం మిగిలినా అది ఎంతో నాకు తెలుసు. కానీ జోరువాన పడుతున్నప్పుడు మా ఇంట్లో అందరూ కలిసి గట్టిగా నవ్వితే, ఈ వయసులో కూడా నేను వాళ్ళతోపాటు నవ్వలేను. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, బయట ఎవరైనా పరుగెత్తుకొస్తున్న చప్పుడు ఉందేమోనని వింటాను. మొన్న కూడా విన్నాను. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, అయినా లేచి వెళ్ళి తలుపు తీసి చూసి వచ్చాను.