నాలుగో ఫ్లాపీ దాకా

సీతారామపురం కరుణశ్రీ సంచి బరువుంటే బస్సెక్కదు. ఆ సుఖమే తొంభై ఏడులో ఆమె తల దించుకునేలా చేసింది.

ఆత్మకూరులో సురేంద్రబాబు కంప్యూటర్ సెంటర్లో టైపిస్టుగా చేరి, బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డులు అచ్చువేసే ప్రోగ్రాం నేర్చుకుంది. ఉదయగిరిలో రెండో సెంటరు పెట్టి, “మూడు నెలలు తప్పు రాకుండా నడుపు, నీకే వదిలేస్తా” అన్నాడాయన. తప్పొస్తే మళ్లీ టైపు మిషనే.

ప్రోగ్రాం మార్చినప్పుడల్లా ఆత్మకూరులో ఒక ఫ్లాపీ పెరిగేది. అప్పటికి ఇరవై రెండు. ఉదయగిరిలో మిషన్ ఆన్ చేయగానే తనిఖీ దానంతటదే నడిచేది: అవే మార్కులకు పాత ప్రోగ్రాంతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కార్డులు తీసి, తేడాలు చూపేది. సంచి బరువెందుకని కరుణశ్రీ కొత్త ఫ్లాపీ ఒక్కటే తెచ్చింది. పాతది దొరకని తనిఖీ కొత్తదాన్ని కొత్తదానితోనే పోల్చుకుని “తేడా లేదు” అంది. కరుణశ్రీ దర్జాగా మూడు వందల కార్డులు అచ్చేసి బడికి పంపింది.

మర్నాడు ఆ బడి నుంచి రాహేలమ్మ టీచరు వచ్చింది.

“ఏందమ్మా, మా పిల్లోళ్లు పదిహేడు మంది జ్వరాలతో పరీక్షకే రాలేదు. ఎప్పుడూ ‘రాలేదు’ అని పడేది. ఇప్పుడు సున్నాలు పెట్టినావే. వాళ్ల నాయనలు బెత్తం తీస్తే నువ్వొచ్చి అడ్డం నిలబడతావా?”

“రేపటికి సరిచేసి ఇస్తాను టీచరమ్మా.”

వెంటనే బస్సెక్కి ఆత్మకూరు పోయి జరిగింది చెప్పింది.

“ఇరవై రెండూ ఎత్తుకుపో, పీడా పోతాది” అన్నాడు సురేంద్రబాబు.

“అన్నీ ఎక్కించి పోల్చేసరికి రేపు పొద్దుగూకుతాది సార్. దసరాకి కార్డులు సరిగ్గా పడినాయి గదా. అప్పటి ప్రోగ్రాం దాకా ఉంటే చాలు.”

“అది ఎన్నోది?”

లేబుళ్ల మీద తేదీలు చూసుకుంటూ కొత్తదాని నుంచి వెనక్కి వచ్చింది. నాలుగోది.

“మూడు చాలవా?”

“చాలవు సార్. అయిదు అక్కర్లేదు.”

మర్నాడు ఉదయగిరిలో ముందుగా తనిఖీనే మార్చింది: దసరా ప్రోగ్రాం కనబడకపోతే “పోల్చడానికి పాతది లేదు” అని ఆగిపోవాలి. తర్వాత నడిపింది. పదిహేడు తేడాలు వరసగా పడ్డాయి. తప్పు దిద్ది మళ్లీ నడిపితే ఒక్కటీ లేదు. రాహేలమ్మ ఆ పదిహేడు కార్డులూ ఒక్కొక్కటే చదివి సంచిలో వేసుకుంది.

కరుణశ్రీ ఎస్టీడీ బూత్‌కి పోయి ఫోను చేసింది.

“సార్, మూడు నెలలు ఈ రోజు నుంచి మళ్లీ లెక్కేసుకోండి.”

“నేనేం అనలేదే అమ్మాయ్.”

“నేనంటున్నాను సార్.”